సంతకం చెల్లని ఏడు రోజులు

బహుళ నవమి. గట్టు నాటిన 88వ ఏడు.

ఉదయం 11.40కి సభ, అధ్యక్షురాలు ఇందుమతి గారి మీద అభిశంసన తీర్మానాన్ని స్వీకరించింది. ఆ నిమిషం నుంచి తీర్పు వచ్చేదాకా ఆమె సంతకం ఏ కాగితం మీదా చెల్లదు. ఎన్నికకు పదకొండు రోజులుంది.

తీర్మానానికి అనుకూలంగా 22 మంది, వ్యతిరేకంగా 19 మంది. ఆమెను పదవి నుంచి దించాలంటే 28 కావాలి. అన్ని లేవని చెయ్యెత్తిన వాళ్ళకీ తెలుసు.

ఆరోపణ ఒకటే. శ్రావణంలో నత్తల మలుపు దగ్గర గట్టు మెత్తబడింది. అక్కడ 38 కుటుంబాల వాటాలున్నాయి, అంటే ఒక్కో ఇల్లు సాకాల్సిన గట్టు ముక్కలు. రిజిస్టరులో ఆ 38 పేర్ల ఎదురుగా ఉన్న 'మెత్తన' అన్న మాట కొట్టేసి 'గట్టి' అని రాయించింది అధ్యక్షురాలి కార్యాలయం. వాటా మెత్తనైతే ఆ ఏడు ఆ ఇంటికి ఓటుండదు. ఆ 38 ఇళ్ళలో 117 ఓట్లు. పోయినసారి ఆమె గెలిచింది 96 ఓట్ల తేడాతో.

ఈ సంగతి బులెటిన్‌లో రాసింది నేను. ఆధారం, మలుపు దగ్గర గట్టులో సూది దింపి మెత్తదనం కొలిచే నూకరత్నం సొంత పుస్తకం. రిజిస్టరుకి పంపిన అంకెలన్నీ ఆమె తన పుస్తకంలో కూడా రాసి పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా అలాగే రాస్తోంది. ఎవరూ రాయమనలేదు.

విచారణలో నన్ను సాక్షిగా పిలవచ్చు కాబట్టి ఈ విషయం మీద నా పేరుతో ఇంక వార్తలు వద్దన్నారు సంపాదకుడు. అందుకని ఈ చిట్టా.

సముద్రానికి పెద్ద పోటు పాడ్యమి నాడు. ఆ లోపల నత్తల మలుపు వెనకున్న వెదుళ్ళలంక ఖాళీ అవ్వాలి. జనాభా 1,140. ఖాళీ ఉత్తర్వు మీద సంతకం పెట్టాల్సింది అధ్యక్షురాలు.

బహుళ దశమి.

ఉదయం ఆరింటికి నా వాటాకి వెళ్ళాను. ఉత్తరపు గట్టు మీద పన్నెండు బారలు, తాతల నాటిది. బెరడు మీద గుల్లలు గోకి, పీత బొరియల్లో మట్టి కూరి, రెండు కుండల కుడితి వేళ్ళకి పోశాను. గట్టు బతికున్న చెట్టు. మడ గింజల్ని ప్రయోగశాలలో మార్చి ఒకదానిలోకి ఒకటి అల్లుకునేలా నాటారు. కుడితి మానేస్తే నెలలో తెలుస్తుంది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ విమల గుమ్మంలో సంచీ దించుతోంది.

"ఏమిటది?"

"పటిక. నాలుగు కిలోలు. కొట్లో ఇదే ఆఖరిది, నా వెనకున్నావిడ నన్ను తిట్టింది."

"దేనికి?"

"మీరు రాసినదానికి," అంది విమల. "విచారణంటే గట్టంతా మళ్ళీ సూది దింపుతారట. మీ వాటా మెత్తనని తేలితే మీకేం, వార్త రాసుకుంటారు. నాకు ఓటు పోతుంది."

పటిక నీళ్ళు పోస్తే బెరడు రెండు రోజులు బిగుసుకుంటుంది, సూది దిగదు. ఆ తర్వాత లోపలి వేరు కుళ్ళడం మొదలుపెడుతుంది. చట్టప్రకారం నిషేధం. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. రెండేళ్ళ క్రితం తనిఖీకి ముందు రోజు నేనూ పోశాను. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

మధ్యాహ్నం వెదుళ్ళలంక వెళ్ళాను. లోపలి పట్నం నుంచి అక్కడికి ఒకటే దారి, రెండో లాకు మీది వంతెన. లంక నేల సముద్రం కన్నా ఐదడుగులు కింద ఉంటుంది. వీధిలో నిలబడితే గట్టు అవతల వెళ్ళే పడవల తెరచాపలు తలెత్తి చూడాలి.

నూకరత్నానికి అరవై ఒకటి. ఇల్లు మలుపు కిందే, వాటా నంబరు పదిహేడు. నేను వెళ్ళేసరికి సూది బెరడుకి ఆనించి గుండు ఎత్తుతోంది. సూది మీద ఇరవై గీతలుంటాయి. ఆరు గీతల దాకా దిగితే గట్టి, దాటితే మెత్తన.

గుండు పడింది. ఆమె వంగి చూసి చెప్పింది.

"తొమ్మిది. రాసుకోండి తమ్ముడూ."

"శ్రావణంలో ఏడు కదక్కా."

"ఏడే. కార్తీకంలో ఎనిమిది. ఎదుగుతున్న పిల్లకి లంగా పొడుగు కొలిచినట్టుంది నా పని."

పక్క వాటాలో కుడితి పోస్తున్న ఆమె తోడికోడలు బుల్లెమ్మ తలెత్తలేదు. "పొద్దున్నే వచ్చి పొడుస్తావుంటే మెత్తబడక ఏం చేస్తదండీ గట్టు," అంది. "మనిషినైనా అలా రోజూ పొడిస్తే మెత్తబడతాడు."

"నీ మొగుణ్ణి పొడిచి చూడవే," అంది నూకరత్నం.

ఇద్దరూ నవ్వారు. అప్పటికి ఇంకా నవ్వుతున్నారు.

బహుళ ఏకాదశి.

విచారణ ఎన్నిక తర్వాతే జరపాలని సభా నాయకులు ఉదయం పదింటికి నిర్ణయించారు. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. గట్టు పక్షం అధ్యక్షురాలిది, వాళ్ళు ఒప్పుకోవడంలో వింత లేదు. తీర్మానం పెట్టింది ఏటి పక్షం. దాని నాయకుడు సోమరాజు గారే అధ్యక్ష పదవికి పోటీ. పదకొండింటికి ఆయన ఇంటికెళ్ళాను. అరుగు మీద పెసరట్టు తింటున్నారు.

"ఎన్నిక ముందు అభిశంసన తెలివైన పనేనా అని అడగడానికొచ్చారు. అంతేగా?"

"అభిశంసన పెట్టేశారు కదండీ. విచారణ ఎందుకు ఆపారని."

"తీర్మానం తెలివైన పని. విచారణ తెలివితక్కువ పని. రెండూ ఒకటి కాదండీ. మా ఓట్ల లెక్కల గదిలో వాళ్ళు మూడు రోజులు కూర్చుని తేల్చారు. తీర్మానంతో మాకు రెండు శాతం కలిసింది. విచారణ మొదలెడితే నాలుగు పోతుంది."

"ఎలా పోతుంది?"

"సూది పుస్తకాలు సభలో పెట్టాలి. నత్తల మలుపుదొక్కటే పెడితే వాళ్ళు ఊరుకుంటారా? గట్టంతా తిరగేయమంటారు. మావాళ్ళ వాటాలేమన్నా ఇనుముతో పోతపోసినవా?" ఆయన చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగారు. "మీ వాటా ఎంతండీ భూషణం గారూ?"

"నాలుగున్నర గీతలు."

"పటిక పొయ్యకముందా, పోశాకా?"

నేను సంచీలోంచి కాగితం తీశాను. ఆయన పట్టుబట్టలేదు. మర్యాదస్తుడు.

పాడ్యమి పోటు గురించి చెప్పాను. నూకరత్నం అంకెలు చూపించాను. ఆయన శ్రద్ధగా చదివారు, కాగితం మడతపెట్టి నాకే ఇచ్చారు.

"ఉత్తర్వు ఇవ్వాల్సింది ఆవిడ."

"ఆవిడ సంతకం మీరు చెల్లకుండా చేశారు."

"మేం కాదు, చట్టం."

"పోనీ, తీర్మానం వెనక్కి తీసుకోండి. లంక ఖాళీ అయ్యాక మళ్ళీ పెట్టుకోండి."

"ఎన్నికకి తొమ్మిది రోజులుందండీ. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆవిడ కడిగిన ముత్యమని మేమే టముకు వేసినట్టు." ప్లేటు పక్కకి జరిపి, "నత్తల మలుపులో మాకెన్ని ఓట్లున్నాయో తెలుసా మీకు? ఆరు," అన్నారు.

ఆయన గొంతులో ద్వేషం లేదు. అంకె చెప్పారంతే. నేనూ అంకెలే నమ్ముతాను కాబట్టి వాదించడానికి నాకు చోటు దొరకలేదు.

బహుళ ద్వాదశి.

సభా కార్యదర్శి శేషఫణి గారి గదిలో ఉదయం 9.30 నుంచి 10.20 దాకా ఉన్నాను. చట్టం ఆయనకి కంఠతా వచ్చు. అయినా పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపిస్తూ చదివారు. ముప్పై ఒకటో నిబంధన. తీర్మానం స్వీకరించిన క్షణం నుంచి అధ్యక్ష సంతకం చెల్లదు. దోషి అని తీర్పు వస్తే అధికారం ఉపాధ్యక్షుడిది. నిర్దోషి అయితే మళ్ళీ అధ్యక్షుడిదే.

"మధ్యలో ఎవరిది?"

"మధ్యలో విచారణ ఉంటుంది."

"విచారణ వాయిదా వేశారు కదండీ."

"అందుకే మధ్యలో ఏమీ లేదు."

ఈ చట్టం రాసినప్పుడు విచారణ అదే రోజు సాయంత్రానికి ముగిసేదట. పాత నివేదికలు తీసి చూపించారు. 14వ ఏట ఒక అభిశంసన, పొద్దున మొదలై దీపాలు పెట్టే వేళకి తీర్పు. వాయిదా అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. వేయకూడదనీ లేదు.

"అత్యవసరమైతే మీరు సంతకం పెట్టొచ్చా?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. "నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసండీ. నేను సంతకం పెట్టగలిగింది సెలవు చీటీల మీద."

ఉత్తర్వు లేకపోతే ఏమవుతుందో తెలియని వాళ్ళు ఎవరూ లేరు కానీ చిట్టా కాబట్టి రాస్తున్నాను. పెద్ద పోటు రోజున ప్రతి ఇంటివాళ్ళూ తమ వాటా మీద నిలబడాలి. దీన్ని నిలుపు అంటారు. బుట్టల్లో బంకమట్టి పెట్టుకుని పోటు తీసేదాకా ఉంటారు, ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ అద్దుతారు. ముందు పేర్లు పిలుస్తారు. పలకని ఇంటికి వాటా పోతుంది. వాటా పోతే దాని కింద కట్టుకున్న ఇల్లూ పోతుంది. ఖాళీ ఉత్తర్వు ఉంటేనే మినహాయింపు. ఉత్తర్వు ఉంటేనే పట్నం బడుల్లో చోటిస్తారు. పోటు పూట మూసేసే లాకు తలుపులు కూడా ఉత్తర్వు ఉంటేనే తీస్తారు.

సాయంత్రం నాలుగింటికి నూకరత్నం కబురు పంపింది. పదకొండు.

బహుళ త్రయోదశి.

అధ్యక్షురాలు ఉదయం 10.15కి రెండో లాకు వంతెన మీద బల్ల వేయించుకుని వెదుళ్ళలంక ఖాళీ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. కెమెరాలు తొమ్మిది. నేను లెక్కపెట్టాను.

"నా జనం కోసం నేను సంతకం పెట్టాను," అన్నారామె. "ఇది చెల్లకుండా చేసింది ఎవరో మీకు తెలుసు. వెళ్ళి వాళ్ళని అడగండి."

లంక వాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఒక పెద్దావిడ ఏడ్చింది.

నేను చెయ్యెత్తాను. "బులెటిన్, భూషణం. నవమికి ముందు పద్దెనిమిది రోజుల్లో ఈ ఉత్తర్వు కోసం మీ కార్యాలయానికి మూడు వినతులు వచ్చాయి. అప్పుడు మీ సంతకం చెల్లుతుంది. ఎందుకు పెట్టలేదు?"

"అప్పుడు గట్టు గట్టిగా ఉంది భూషణం గారూ. రిజిస్టరు చూసుకోండి."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ గట్టిగానే ఉంది. అయినా జనం భయపడుతున్నారు కదా. భయం పోగొట్టడం నా పని."

ఆమె కారెక్కాక ఉత్తర్వు కాగితం లాకు సూపర్నెంటు అబ్బులు చేతిలో మిగిలింది. లంక వాళ్ళు అతని చుట్టూ మూగారు. అబ్బులుది ఆ లంకే, అత్తవారిల్లు అక్కడే. కాగితం ఇటు తిప్పి అటు తిప్పి నా దగ్గరకొచ్చాడు.

"భూషణం గారూ, చదువుకున్నోరు, మీరు చెప్పండి. ఇది ఉత్తర్వాండీ, ఫొటోనా?"

"చెల్లదు అబ్బులూ."

"ఆయ్. నేనూ అదే అనుకున్నానండి." కాగితం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. "నేను దీన్ని పట్టుకుని పోటు పూట తలుపు తీశాననుకోండి. అటు నీళ్ళు ఇటొస్తే పట్నంలో ఎనిమిది వేల మంది. తియ్యలేదనుకోండి. మా బావమరిది అటే ఉంటాడు. ఏం చెయ్యమంటారు?"

నలభై నిమిషాల తర్వాత మలుపు దగ్గర నూకరత్నం సూది దింపింది. పద్నాలుగు.

సాయంత్రానికి రెండు పక్షాల లెక్కల గదులూ ఒకే మాట చెప్పాయి. అధ్యక్షురాలికి మూడు శాతం పెరిగింది.

బహుళ చతుర్దశి.

పొద్దున ఏడింటికి బులెటిన్ ఆఫీసుకి వెళ్ళి నూకరత్నం పుస్తకం మొత్తం నకలు తీసి సంపాదకుడి ముందు పెట్టాను. తొమ్మిది, పదకొండు, పద్నాలుగు. నా పేరు లేకుండానే వేయమన్నాను. వేశారు. ఫలితం వచ్చింది. ఇరు పక్షాల నుంచి ముగ్గురేసి సభ్యులతో తనిఖీ కమిటీ వేసి మధ్యాహ్నం మూడింటికే మలుపుకి పంపారు. ఈ ఆరు రోజుల్లో నేను తలపెట్టినవాటిలో జరిగింది ఇదొక్కటే.

కమిటీ మూడు వాటాలు ఎంచుకుంది. పదకొండు, పదిహేడు, ముప్పై. కొత్త సూది తెచ్చుకున్నారు. నూకరత్నాన్ని దూరంగా నిలబడమన్నారు.

పదకొండో వాటా, మూడు గీతలు.

పదిహేడు, రెండు.

ముప్పై, మూడు.

ఏటి పక్షం సభ్యుడొకాయన మళ్ళీ దింపమన్నాడు. మళ్ళీ రెండు. ఆయన ముఖంలో కనిపించింది నిరాశ కాదు. తూర్పు గట్టు మీదున్న ఆయన వాటాకి ఇక ఈ సూది రాదు.

నివేదిక అక్కడే రాసి ఆరుగురూ సంతకాలు పెట్టారు. ఈ వారంలో రెండు పక్షాలూ కలిసి సంతకం పెట్టిన కాగితం ఇదే. ఇవన్నీ చెల్లే సంతకాలు.

వాళ్ళు వెళ్ళాక నూకరత్నం తన వాటా దగ్గరకెళ్ళి బెరడు మీద వేలు రాసి నాలుక్కి తగిలించుకుంది. తర్వాత బుల్లెమ్మ వైపు తిరిగింది.

"ఎన్ని కుండలు పోశావే?"

బుల్లెమ్మ కొంగు నడుముకి చుట్టుకుంది. "నేనొక్కదాన్నే కాదక్కా. అందరం పోశాం. నీ వాటాకి నేనే పోశాను, నువ్వు పొయ్యవని."

"పద్నాలుగుందే అక్కడ."

"ఉంటే? మెత్తనని రాయించుకుంటే ఏం చేస్తారు మనకి? ఓటు తీసేస్తారు. ఓటు లేని మలుపుకి తవుడు బండి ఎవడు పంపుతాడు? కొంగల మలుపు వాళ్ళకి పన్నెండేళ్ళ కిందట ఒక్క ఏడు ఓటు పోయింది. తవుడు రాలేదు. కుడితి లేదు. ఇప్పుడు అక్కడ కొంగలే ఉన్నాయి."

"పటిక పోస్తే వేరు కుళ్ళుద్ది."

"రెండు రోజుల తర్వాత కదా. పోటు ఎల్లుండి వెళ్ళిపోద్ది. ఎన్నికవగానే కుడితి రెండింతలు పోద్దాం." నా వైపు చూసింది. "ఈయన మంచోరే అక్కా, కాదన్ను. ఈయనకి అంకె తప్పితే చాలు, జొరమొచ్చేస్తది. మనకి అంకె కాదు కావాల్సింది, బండి."

నూకరత్నం పుస్తకం తీసి తేదీ వేసింది. అంకె రాయాల్సిన చోట పెన్సిలు ఆనించి చాలాసేపు ఉంచింది. ఆమె ఏనాడూ చూసిన అంకె తప్ప వేరేది రాయలేదు. రెండు అని రాసింది.

అమావాస్య.

ఈ పూట పోటు 8.26కి వచ్చింది. గట్టు తలకి రెండున్నర అడుగుల కింద ఆగింది. పాడ్యమిది ఇంకో అడుగు పైకొస్తుందని పోటు పట్టిక చెబుతోంది. ఆ పట్టిక తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

పోటు తీశాక పదిన్నరకి నూకరత్నం నన్ను గట్టు లోపలి వైపు, తన ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ వేళ్ళు నేలలోకి దిగే చోట మోకాళ్ళ మీద కూర్చుంది. పటిక అంత కిందికి దిగదని చెప్పింది. గుండు కూడా ఎత్తలేదు. సూది ఆనించి అరచేత్తో నొక్కింది.

ఇరవై గీతలూ దిగాయి. సూది తల బెరడుకి తగిలి ఆగింది. బయటికి లాగితే వెంట నీళ్ళొచ్చాయి, కాఫీ గ్లాసుడు ఉంటాయేమో. నేను రుచి చూశాను. ఉప్పు.

"రాసుకోండి తమ్ముడూ," అంది.

"అక్కా, ఇవాళ మా ఇంటికి వచ్చెయ్యండి. విమలతో చెప్పే వచ్చాను."

"రేపు ఎనిమిదింటికి పేర్లు పిలుస్తారు."

"వాటా పోతే పోయింది."

"వాటా సంగతి కాదండి." ఆమె సూదిని పాత చీర ముక్కతో తుడుస్తోంది. "తొమ్మిదింటికి కొలత తియ్యాలి. నిలుపు రోజున సూది దింపకుండా ఉన్నది నా జీవితంలో లేదు. ఎక్కడ ఎంతుందో నాకు తెలుసు. నేను లేకపోతే వాళ్ళు మట్టి ఎక్కడ అద్దాలో తెలీక మలుపంతా అద్దుతారు. బుల్లెమ్మ ఉంటుందక్కడ. దాని కోడలుంటుంది."

"మీరు చెబితే వాళ్ళూ వస్తారు."

"చెప్పానండి. పొద్దున్నే ఇక్కడ దింపి చూసుకుని ఇంటింటికీ తిరిగి చెప్పాను. నిన్న రెండని నీ పుస్తకంలోనే రాసుకున్నావు కదా, ఇవాళ ఇరవై అంటావేటి, నీ సూదే మెత్తబడిందేమో చూపించుకో అన్నారు." సూదిని సంచీలో పెట్టింది. "వాళ్ళ తప్పు కాదు. రాసింది నేనే."

ముప్పై ఎనిమిది ఇళ్ళలో రెండిళ్ళ వాళ్ళు మధ్యాహ్నం సామాను నెత్తిన పెట్టుకుని వంతెన దాటారు. అబ్బులు వాళ్ళ పేర్లు అడగలేదు. అడిగితే రాయాలి.

మూడింటికి సంపాదకుడి దగ్గరకెళ్ళాను. ఇరవై అన్న అంకె, ఉప్పు నీళ్ళ సంగతి చెప్పాను.

"కమిటీ మూడంటోంది," అన్నారాయన. "ఆరు సంతకాలున్నాయి. నువ్వు ఇరవై అంటున్నావు. ఆవిడ పుస్తకంలో నిన్నటి తేదీన రెండని ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

"ఇవాళ్టి తేదీన ఇరవై అని కూడా ఉంది."

"రెండూ వేద్దాం. పక్కపక్కన."

సాయంత్రపు బులెటిన్‌లో రెండూ పక్కపక్కన వచ్చాయి, ఒకే సైజు అక్షరాల్లో. చదివినవాళ్ళు తమకి కావాల్సిన అంకె తీసుకున్నారు. ముప్పై నాలుగేళ్ళుగా నేను ఇతరుల వార్తల్ని అలాగే వేస్తూ వచ్చాను. దాన్ని సమతూకం అంటాం.

సోమరాజు గారికి కబురు పంపాను. ప్రచారంలో ఉన్నారు. అధ్యక్షురాలి కార్యాలయం కమిటీ నివేదిక నకలు పంపించింది, పైన 'సమాచారం నిమిత్తం' అని రాసి. శేషఫణి గారు మాత్రం తానే వచ్చారు, నడిచి, గొడుగేసుకుని. విచారణ తేదీ నిర్ణయించే కమిటీ రేపు కూర్చుంటుందట. అరగంట ముందుకి జరపమని నాలుగుసార్లు అడిగారట. సభ్యులు నిలుపులో ఉంటారు కదా, కుదరదన్నారట.

"నాకు చేతనైంది చేశానండీ," అన్నారు.

"నేనూ," అన్నాను.

విమల నా నిలుపు బుట్ట సర్ది గుమ్మం పక్కన పెట్టింది. రేపు నేను ఉత్తరపు గట్టు మీద పలకాలి. వెదుళ్ళలంక వెళ్తానని చెప్పాను. ఆమె బుట్టలో రెండో తువ్వాలు పెట్టింది.

"నా పేరు నేను పలుకుతాను," అంది. "మీ పేరు దగ్గర ఏం చెప్పను?"

"పనిలో ఉన్నాడని చెప్పు."

"అక్కడ చెయ్యడానికి మీకు పనేముంది?"

లేదు. నూకరత్నం అంకె చెబుతుంది, నేను రాసుకుంటాను.

రేపు, శుద్ధ పాడ్యమి. 6.00కి రెండో లాకు మూస్తారు, అంతకు ముందే వంతెన దాటాలి. 8.00కి నత్తల మలుపులో పేర్లు పిలుస్తారు. 9.00కి నూకరత్నం సూది దింపుతుంది. పోటు 9.14కి. విచారణ తేదీ మీద కమిటీ 11.00కి.